స్టాలిన్‌కు హాజరు తగ్గిన ఏడాది

కోనసీమ ప్రత్యేక జిల్లా అయిన ఏడాది నన్ను అమలాపురంలోని ఓ డిగ్రీ కాలేజీకి చరిత్ర శాఖాధిపతిగా వేశారు. రిటైర్మెంటు దగ్గర పడింది. సోవియట్ పాఠం నాకు కంఠతా వచ్చు. స్టాలిన్ పోయిన మూడేళ్లకు కొత్త నాయకుడు క్రుశ్చేవ్ పార్టీ మహాసభలో ఆయన అకృత్యాలను బయటపెట్టాడు. సైబీరియా జైళ్లలో మగ్గుతున్నవాళ్లను వదిలారు. పెట్టుబడిదారీ దేశాలతో యుద్ధం లేకుండానే బతకవచ్చన్నారు. నచ్చనివాళ్లు దీన్ని రివిజనిజం అన్నారు, అంటే మార్క్సిజాన్ని తమకు అనువుగా దిద్దుకోవడమని తిట్టు.

ఆ క్లాసులో రాజోలు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడి పేరు స్టాలిన్. ఎర్రజెండా కుటుంబాల్లో అలాంటి పేర్లు మామూలే. "ఏమయ్యా స్టాలినూ, ఎంతమందిని సైబీరియా పంపావు?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నాకు హుషారొచ్చి మర్నాడూ అదే అన్నాను, ఆ మర్నాడూ అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కుర్రాడు రావడం మానేశాడు. హాజరు డెబ్బై ఐదు శాతం లేకపోతే హాల్‌టికెట్ ఇవ్వరు. తగ్గినవాళ్లు కండోనేషన్, అంటే కారణం చూపి మినహాయింపు కోరాలి. శాఖాధిపతి సిఫార్సు చేస్తే ప్రిన్సిపాల్ ఒప్పుకుంటారు. ఇంటికి కబురు పెడితే వాళ్ల తాతగారు వచ్చారు.

"ఆ పేరు నేనే పెట్టేనండి," అన్నారు కూర్చోకుండానే. "మాస్కోవాళ్లు ఆ సంగతులు చెప్పినప్పుడు అబద్ధమన్నామండి. తర్వాత వాళ్లే దారి తప్పేరన్నాం. ఆ పంతంతోనే మనవడికి పెట్టేను. అంతమంది చచ్చిపోయేరని ఒప్పుకునేసరికి నాకు ముసలితనం వచ్చేసిందండి. మొన్న వాణ్ణి కూర్చోబెట్టి, తప్పు నాదిరా, నవ్వితే నన్ను చూసి నవ్వమను అని చెప్పేను."

"మళ్లీ క్లాసుకు వస్తాడా బాబాయిగారూ?"

"ఆయ్, వస్తానన్నాడండి. పరీక్ష మాత్రం రాయనివ్వండి. పిల్లలు నవ్వేరని వాణ్ణి ఏడాది పోగొట్టుకోనివ్వకండి."

పిల్లలను నవ్వించింది ఎవరన్నది కుర్రాడు ఇంట్లో చెప్పలేదన్నమాట. నేనూ చెప్పలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయారు.

దరఖాస్తులో కారణం అన్నచోట అనారోగ్యం అని రాయించి, కింద సిఫార్సు సంతకం పెట్టాను. స్టాలిన్ కాలంలో రికార్డులు ఎలా దిద్దారో ఏటా వర్ణించి చెప్పినవాణ్ణి నేనే. కుర్రాడు పరీక్ష రాసి పాసయ్యాడు. మిగిలిన సర్వీసులో ఎవరి పేరునూ ఆట పట్టించలేదు.

నేర్చుకున్నది ఒకటే. ఒక దేశం తన తప్పు ఒప్పుకోవడానికి ఎందుకంత తాత్సారం చేసిందో పిల్లలకు తేలిగ్గా చెప్పేవాణ్ణి. ఎదురుగా ఒక్క పెద్దాయన నిలబడితే, నవ్వించింది నేనేనండి అన్న మాట నా నోట రాలేదు.