శుక్రవారం ఫ్రిజ్జు, శనివారం జరిమానా

ఆ రోజుల్లో తిరుపతిలో ఫ్రిజ్జంటే ఇంకా కొంచెం భయభక్తులుండేవి. అది ఉన్న ఇంటికి మజ్జిగ తాగడానికి వెళ్లేవాళ్లు కూడా తల దువ్వుకుని వెళ్లేవారు. నాకప్పుడే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. జీతం పద్దెనిమిది వందలు (నా నడక చూసినవాళ్లు పద్దెనిమిది వేలనుకునేవారు). రొక్కానికైతే ఆరు వేలు, లేదంటే వారానికి రెండొందలు బాడుగ కట్టు, ఏడాదికి ఫ్రిజ్జు నీదే అన్నాడు అంగడాయన. ఎనిమిది నెలలు ఓపిక పడితే ఆ ఆరు వేలు నేనే కూడబెట్టగలను. కానీ ఆ ఎనిమిది నెలలూ చల్లటి మజ్జిగ ఎవరిస్తారన్నది నా ఆర్థికశాస్త్రం. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం చేతికిచ్చాడు. పెద్దమనిషి ముందు చదివితే అనుమానించినట్టుంటుందని, అంత పొడవు సంతకం ఒకటి గీసి ఇచ్చేశాను.

చంద్రగిరి కోట తలుపంత ఫ్రిజ్జు ఇంటికొచ్చింది. మొదటి శుక్రవారం వసూలాయన సైకిలు దిగి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ అప్పుడే గడపకు పసుపు రాసి, దీపం పెట్టి ఉంది. "శుక్రవారం పూట ఇంట్లోని లక్ష్మిని బయటికి పంపిస్తారా ఎవురన్నా? రేపు రాప్పా" అంది. రేపంటే యాభై జరిమానా అన్నాడాయన. అయితే యాభై తీసుకో అంది అమ్మ, మహారాణిలా.

పోనీ ముందే కడదామని గురువారం అంగడికి పోయాను. అంగడాయన గల్లాపెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకు లక్ష్మి శుక్రవారమే రావాల సామీ" అన్నాడు. అంటే ఒకే లక్ష్మిని అమ్మ ఆ రోజు పోనివ్వదు, ఆయన ఇంకో రోజు రానివ్వడు. వాళ్లిద్దరి భక్తికి మధ్య వారానికి యాభై రూపాయల హారతి మాత్రం నాది.

ఇలా యాభై ఒక్క శనివారాలు గడిచాయి. ఆఖరి వారం బుధవారంనాడు, పేపరు రాలేదని, నాయన ఆ నాలుగు పేజీల కాగితం తీసి చదివాడు. ఆఖరి కంతు చెప్పిన రోజున అందకపోతే వస్తువు అంగడికి వెనక్కి పోతుంది, కట్టిందంతా ఉత్త బాడుగ కింద జమ. నాయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "బీకాం చదివితివి గదరా, దీన్ని యాడన్నా చదివినావా?" అన్నాడు.

ఇంట్లో ఆ పూట ఎవరూ మజ్జిగ తాగలేదు. అమ్మ ఫ్రిజ్జు పక్కన నిలబడి చాలాసేపు దాని తలుపు తుడిచింది. ఆ తర్వాత ధర్మశాస్త్రం మొత్తం తిరగరాసింది. గురువారం సాయంత్రం దీపం పెట్టకముందే రెండొందలూ ఒక గుడ్డలో మూటగట్టి, ప్రహరీ గోడ మీద ఇటుక కింద పెట్టించింది. "గడప దాటినాక అది మన లక్ష్మి కాదు. ఎవురి పాటికి వాళ్లు తీసుకోవచ్చు" అంది. (ఈ జ్ఞానం ఏడాది ముందే కలిగి ఉంటే నాకు రెండు ప్యాంట్లు మిగిలేవి.) శుక్రవారం తెల్లారినప్పటి నుంచి పీట వేసుకుని ఆ ఇటుకకు కాపలా కాసింది. పొద్దు గూకినా వసూలాయన రాలేదు.

శనివారం వచ్చాడు, కుడిచేతికి మోచేతి దాకా కట్టుతో, ఆకు పసరు వాసన కొడుతూ.

"నిన్నంతా గోడ కాడ కూసోనుంటి గదప్పా, యాడికి పోయినావు?" అంది అమ్మ.

"సైకిలు మీంచి పడితిని మా. మిగతా ఇండ్లకు మా బామ్మర్దిని పంపిచ్చి, ఆ ఇంటికి మాత్రం పోవద్దురా, ఆడ శుక్రవారం పోతే దండగ అని సెప్పి, నేను పుత్తూరికి కట్టు కట్టిచ్చుకోను పోయినా" అన్నాడు.

సంగతి విని ఆయన మొహం పాలిపోయింది. ఇటుక వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, రసీదు పుస్తకం నా ముందు పెట్టాడు. "నాకు సెయ్యి రాదు సామీ, నువ్వే రాయి. నిన్నటి తేదీ ఏసుకో. రానిది నా తప్పు." నా రసీదు నేనే రాసుకున్నాను. ఆయన ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు. అమ్మ ఆయనకు పెద్ద చెంబుడు మజ్జిగ ఇచ్చింది, ఫ్రిజ్జులోదే.

మొత్తం పన్నెండు వేల తొమ్మిది వందల యాభై. రెండు ఫ్రిజ్జులు, ఒక ఫ్యాను వచ్చేవి.

ఇప్పుడు నా కంతులన్నీ ఫోనే కట్టేస్తుంది. మొన్న బ్యాంకులో కౌంటరు దగ్గరి పిల్ల కొత్త కంతుకు ఏ తేదీ పెట్టమంటారని అడిగితే, అది ఎప్పుడైనా శుక్రవారం పడుతుందా అన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే కాగితాలు ముందుకు లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.