ఒకే మైకు

మధ్యాహ్నం వాన పడుతుంటే మేనల్లుడు తన ఫోన్‌లో ఏదో వీడియో పెట్టి, నా చేతికిచ్చి వెళ్లాడు. అమెరికా కొండపల్లెల పాత పాటలను కొత్తగా పాడే బ్యాండట. మాటలు నాకు అర్థం కాలేదు. బెంజో తీగ మాత్రం చినుకుల్లో చినుకులా మోగుతోంది. అయిదుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడి, ఎవరి వంతుకు వాళ్లు ముందుకొచ్చి, మళ్లీ పొగలా వెనక్కి జరుగుతున్నారు. ఆ జరగడం నాకు తెలుసు. నకిరేకల్ ఖాదర్ భాయ్ నేర్పిందే.

తొంభైల మొదట్లో పెళ్లిళ్లలో పాడే మా నలుగురి బ్యాండుకు ఆయన పెద్ద. ఆయన బెంజో వేరు: చెక్కపెట్టె మీద తీగలు, వాటిపైన టైపు మిషనుకున్నట్టు మీటలు. డోలక్ నాది, పాటలో సగమూ నాదే. నా గొంతులో బలం ఉండేది. మిగతావి మెల్లగా వస్తాయని అందరూ ఆశపడేవారు. కిరాయికి దొరికే మైకు ఒక్కటే. పాట కంటే ముందు దాని చుట్టూ నడవడం నేర్పేవాడాయన.

“అరె, మైకేమన్న ఐస్‌ఫ్రూటా, గట్ల మూతికి పెట్టుకున్నవ్? జర ఎన్కకు జరుగు!”

“జరిగితె నా గొంతు ఇనబడది గద భాయ్!”

“పక్కోనిది ఇనబడ్తది. గది గూడ పాటనే.”

తర్వాత ఆయన గొంతుకు పట్నం దవాఖానలో ఆపరేషనైంది. గొంతు సన్నని పోగులా మిగిలింది. ఇక మూతి బిగించి బెంజో మాత్రమే వాయించేవాడు. అలాంటి రోజుల్లోనే ఆయన బిడ్డ షాహీన్ పెళ్లి వచ్చింది. రామన్నపేట సంబంధం. సాయంత్రం పూల జీపు సిద్ధమైంది. ఆడపిల్లను సాగనంపే పాట ఆయన సొంతంగా కట్టింది. ఊళ్లో ఎందరు బిడ్డలకో ఆయనే పాడాడు.

“నువ్వు పాడుర,” అన్నాడు నా భుజం తట్టి.

జీపు మీద పెట్టిన కాలు కిందికి దించి షాహీన్ తండ్రి వైపు తిరిగింది. “ఊరోళ్ల బిడ్డలందరికి పాడినవ్ అబ్బా. నాకు కిరాయి గొంతా?”

“గొంతు లేదు బేటా. నలుగురు నవ్వుతరు.”

“నవ్వితె నవ్వనీ. నేనైతె జీపెక్క.”

ఆయన మైకు ముందుకొచ్చాడు. మొదటి చరణంలో పెదాలు కదలడమే కనిపించింది. షాహీన్ మెడ చాచి వింటోంది, ఏమీ అందడం లేదు. నా డోలక్ ఆయన్ను మింగేస్తోంది. వేళ్ల కొసలతో తాకుతూ వెనక్కి జరిగాను. హార్మోనియం జరిగింది, క్లారినెట్ జరిగింది. షామియానా తాడు వీపుకు తగిలేదాకా జరిగాం. అప్పుడు వినిపించింది, ఎండుటాకు మీద గాలి నడిచినట్టు ఆయన గొంతు. ఒక్కరూ నవ్వలేదు. షాహీన్ చివరిదాకా విని జీపెక్కింది.

కళ్లు తుడుచుకుని ఖాదర్ భాయ్ మా కోసం వెతికాడు. “అరె, గక్కడున్నరా! జరుక్కుంట జరుక్కుంట రామన్నపేట దాక పోతరా ఏంది?”

ఇప్పుడు ఫోన్‌లో ఫిడేలు పక్కన పెట్టి, సన్నని గొంతున్న అమ్మాయి మైకు దగ్గరికొచ్చింది. గదిలో నేనొక్కణ్ణే. కుర్చీ కర్రుమంది. చూసుకుంటే, గోడ దాకా వెనక్కి జరిగి ఉన్నాను.