ఆయన ఒప్పుకోని పేజీ

పదిహేనేళ్లకు పైగా దీన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడం కొంత తేలిక. అది కూడా పిరికితనమేనేమో.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. నేను బందరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. గుడివాడలో రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య కలిసి లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ వ్యవస్థ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో ఒక పుస్తకం రాశారు. ఇంగ్లిషు సాంకేతిక పదాలకు తెలుగు మాటలన్నీ ఆవిడ వెతికినవే. ఆవిడది దివిసీమ. కంప్యూటర్‌కు ఇచ్చే కమాండ్‌కు ‘ఆజ్ఞ’ వద్దని, వాళ్ల నాయనమ్మ నోట విన్న ‘పురమాయింపు’ పెట్టారు. పుస్తకం పూర్తికాకముందే ఆవిడ పోయారు. ఏ మాటను ఎందుకు ఎంచుకున్నారో చెబుతూ మాస్టారు పుస్తకం మొదట్లో ఒక పేజీ చేర్చారు. పుస్తకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఈ ఒక్క పేజీని మాత్రం మార్చకూడదు, తీయకూడదు అని షరతు పెట్టారు. ఆయన ఎంచుకున్న లైసెన్సులో, అంటే పుస్తకాన్ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతిపత్రంలో, అందుకు వీలుంది.

గొడవ అక్కడే వచ్చింది. ఎవరైనా కాపీ చేసుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌నూ పుస్తకాలనూ పంచడానికి మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం ఒక సీడీ తయారుచేస్తోంది. మార్చడానికి వీల్లేని పేజీ ఉన్న పుస్తకం స్వేచ్ఛగలది కాదని, సీడీలో పెట్టకూడదని కొందరన్నారు. ఒక మనిషి జ్ఞాపకాన్ని దిద్దే హక్కు మనకెందుకని మరికొందరు. వారాల తరబడి మెయిళ్లలో వాదించుకున్నాం. నేను మొదటి పక్షం. గుడివాడ వెళ్లి, ఆ షరతు తీసేయమని మాస్టారిని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు.

ఆయన ఈమెయిల్ ఖాతా తెరిచిపెట్టింది నేనే. పాస్‌వర్డ్ తెలుసు. షరతు తీసేస్తున్నానని ఆయన పేరుతో బృందానికి నాలుగు వాక్యాలు రాశాను.

సీడీ వచ్చింది. ఆ సీడీ తర్వాతి కూర్పులో ఎవరో పుస్తకంలోంచి ఆ పేజీ తీసేశారు. కారణం తెలియక పురమాయింపును ‘ఆదేశం’ చేశారు. అప్పటికే మాస్టారికి జబ్బు చేసింది. బందరు ఆసుపత్రికి వచ్చిన రోజు, ఆ కొత్త సీడీ పట్టుకుని ల్యాబ్‌కు వచ్చారు.

“ఏవయ్యా, పేజీ తీసేయొచ్చని నేనే రాశానంటున్నారు. నిజంగా రాశానా?”

“మీరే రాశారండీ. ఇక్కడే కూర్చుని చెప్పారు, నేను టైపు చేశాను.”

“అట్టాగా! ఈ మందులు నా బుర్ర తినేస్తున్నాయయ్యా. మా ఆవిడ ఉంటే చెవి మెలేసేది.”

నవ్వారు. నేనూ నవ్వాను.

ఉత్తరం కన్నా ఆ జవాబే పెద్ద నేరం. అప్పటినుంచి ఆయన తన మతిని తానే నమ్మలేదు. ప్రతి చిన్న పనీ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకునేవారు. పేజీ ఏమైందని అడిగినవాళ్లకు, “నేనే తీయించాను” అని తల దించుకుని చెప్పేవారట. ఏడాది తిరక్కుండా పోయారు.

సిద్ధాంతం కోసం చేశానా? వాదనలో గెలవడానికా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా తేలదు. రాసినవాడి అనుమతి మీదే ఆ లైసెన్సులన్నీ నిలబడతాయని అందరికీ పాఠం చెప్పినవాణ్ణి, ఆ అనుమతినే దొంగిలించి, దొంగిలించిన సంగతి ఆయన మతిమరుపు మీదకు తోసేశాను.

మన్నించమని అడగడానికి ఆయన లేరు. మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆ పేజీ తీయడానికి మాస్టారు ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు నేరం ఒప్పుకుంటున్నది నేను.