ఉద్దానం తోటల్లో జ్వరం పురుగు కోసం

విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాల ల్యాబ్‌లో నా ఉద్యోగం. జ్వరంతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ళ రక్తం చిన్న చిన్న గొట్టాల్లో, ఐసు పెట్టెల్లో మా దగ్గరికి వస్తుంది. అది ఏ జ్వరమో తేల్చి చెప్పడం మా పని. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి వచ్చే గొట్టాల్లో స్క్రబ్ టైఫస్ మాటిమాటికీ కనిపిస్తుంటుంది. పొదల్లో, ఆకుల చెత్తలో ఉండే ఒక నల్లి జాతి పురుగు పిల్లలు కుడితే వచ్చే జ్వరం ఇది. వేళకు కనిపెడితే మామూలు మాత్రలకే లొంగిపోతుంది. కనిపెట్టకపోతే ఊపిరితిత్తులనీ మెదడునీ పట్టుకుంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దాన్ని యంత్రం చూపించే అంకెగా తప్ప నేను చూడలేదు. కుట్టే పురుగును చూడలేదు. అది కుట్టిన మనిషిని కూడా చూడలేదు. నాతో చదువుకున్న సుధ ఇప్పుడు పలాసకు తూర్పున, ఉద్దానంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. పుట్టింది కాశీబుగ్గలోనే కాబట్టి నాతో మాట్లాడేటప్పుడు ఊరి యాస దాచుకోదు. "ఎన్నాళ్ళే ఆ గొట్టాలు సూసుకుంటావు? ఓపాలి ఒచ్చి మా నేల సూడు" అంది ఫోన్లో. మా పైవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. నవంబరులో ఒక శనివారం బయల్దేరాను.

విశాఖ నుంచి పలాసకు రైలే మంచిది. తెల్లవారే ముందు బయల్దేరే పాసింజరు ఎక్కితే మూడు నాలుగు గంటల ప్రయాణం. కిటికీ కుడివైపు దొరికితే వదలకండి. కోటబొమ్మాళి దాటి నౌపడ వచ్చేసరికి ఉప్పు మడులు ఎండలో అద్దాల్లా మెరుస్తాయి. పలాసలో దిగగానే జీడిగింజలు కాల్చే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, రోజంతటికీ ఆటో మాట్లాడుకున్నాను. తీరం దాకా తిప్పి తీసుకురావడానికి వెయ్యి పైన అడుగుతారు. బేరమాడితే కొంచెం తగ్గుతారు. డ్రైవరు తవిటయ్యకు యాభై ఏళ్ళుంటాయి, నోరు ఊరుకోదు.

"జీడిపప్పుకొచ్చినారేటమ్మా? మా బావ కొట్టుంది. తక్కువకే ఇప్పిత్తాను."

"పప్పుకు కాదు, పురుగుల కోసం వచ్చాను."

ఆటో నెమ్మదించి వెనక్కి తిరిగి చూశాడు. "మంచి పప్పు ఒగ్గీసి పుచ్చు పప్పు కొంటారేటి?"

కాశీబుగ్గ దాటి తూర్పుకు తిరిగితే లోకమే మారిపోతుంది. ఎర్రమట్టి, దాని మీద కొబ్బరి, కొబ్బరి నీడలో పనస, పనస పక్కన జీడిమామిడి. తుపాన్లకు నడుం విరిగిన చెట్ల మధ్య మళ్ళీ నాటిన మొక్కలు మనిషెత్తు లేచాయి. సముద్రం ఇంకా కనబడదు గానీ గాలిలో దాని ఉప్పు తెలుస్తూనే ఉంటుంది. సుధ ఆరోగ్య కేంద్రం గుమ్మంలో నా కోసం నిలబడి ఉంది. ఓపీ ముగించుకుని, బూట్లు వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుని సిద్ధమైపోయింది. నేనూ అలాగే తయారయ్యాను. ఒంటికి పురుగులు అంటకుండా మందు రాసుకుని, తోట యజమానికి ముందే చెప్పుకుని, ఇద్దరం జీడితోటలోకి దిగాం.

ఈ పురుగుల్ని పట్టే పద్ధతి వింటే నవ్వొస్తుంది. అరచేయంత నల్ల పలకల్ని పొదల మొదట్లో, నీడపట్టున, చెమ్మగా ఉన్న ఆకుల మీద పరిచి కూర్చోవడమే. నేల మీద మనిషో ఎలుకో ఆగిందనుకుని అవి పాకి పైకి వస్తాయి. మా ల్యాబ్‌లో కీటకాల శాస్త్రవేత్త నేర్పించి పలకలిచ్చి పంపాడు గానీ, నిజంగా వస్తాయని నాకే నమ్మకం లేదు. మొదటి చోట ఏమీ లేదు. రెండో చోట చీమలు. సరుగుడు తోట మొదలయ్యే గట్టు మీద, మొగలి పొదల కింద పెట్టిన పలకను వంగి చూశాను. నల్లటి పలక మీద నారింజ రంగు చుక్క ఒకటి కదులుతోంది. పక్కన ఇంకొకటి. ఆవగింజలో పదో వంతు ఉండదు, కానీ ఎంత వేగం! "సుధా! సుధా!" అని అరిచిన అరుపుకు తోట బయట నిద్రపోతున్న తవిటయ్య పామనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏదమ్మా? ఎక్కడ?"

భూతద్దం ఇచ్చి చూపించాను. చాలాసేపు చూశాడు. "ఒలమ్మో, దీనికి కాల్లు కూడా ఉన్నాయి" అన్నాడు.

తడిపిన సన్నటి కుంచెతో ఒక్కొక్క చుక్కనూ స్పిరిట్ ఉన్న సీసాలోకి దించాను. ఇన్నేళ్ళూ నేను పేరు మాత్రమే రాసిన జీవి నా సీసాలో తేలుతోంది. పరీక్ష పాసైన పిల్లలా ఉంది నా పని.

మధ్యాహ్నం ఊరి దగ్గర పాక హోటల్లో భోజనానికి కూర్చున్నాం. కానాగంతల పులుసు, వేడి అన్నం. వండే ఆవిడ రెండోసారి పులుసు వంచుతూ, "తినండమ్మా, పొద్దున్నే వలకి పడ్డాయి" అంటుండగా సుధ ఫోను మోగింది. పక్క మత్స్యకార గ్రామం నుంచి ఆశా కార్యకర్త ఢిల్లమ్మ. సుధ వింటూ వింటూ ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. "పోలమ్మ అని, వారం బట్టి జొరం. నిన్నటి నుంచి ఆయాసమంట. మొగుడు ఆసుపత్రికి రానీడంట. పద" అంది. చేతులు కడుక్కుని ఆటో ఎక్కాం.

సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు. నులకమంచం మీద నలభై ఏళ్ళ పోలమ్మ గోడకు చేరగిలబడి ఎగశ్వాస పీలుస్తోంది. పిలిస్తే పలుకుతోంది గానీ కళ్ళు మగతగా మూతలు పడుతున్నాయి. ఢిల్లమ్మ ఆమె పాదాల దగ్గర కూర్చుని తడిగుడ్డ పెడుతోంది. "మలేరియా కిట్టు ఏసినానమ్మా, నేదని ఒచ్చింది. డెంగీ కూడా నేదని నర్సమ్మ సెప్పింది" అని చెప్పింది. పోలమ్మ భర్త దానయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గట్టి మనిషి, రోజూ పడవ తోసే భుజాలు. కానీ మాట మాత్రం ఎప్పుడో ఓడిపోయిన మనిషి మాట.

"మా అన్నకీ ఇలగే మొదలయింది డాక్టరమ్మా. అన్నం ఒద్దనీవోడు. మొకం ఉబ్బీది. మూడేల్లు ఊరూరా తిప్పినాం, దక్కలేదు. ఇది కిడ్నీయే."

"కిడ్నీ అని ఎవులు సెప్పినారు? దానికి రగతం పరీచ్చ సేసినారా?" అని అడిగింది సుధ.

"సెప్పాలేటమ్మా? ఈ ఊల్లో పుట్టినోల్లకి తెలవదా? దీన్ని ఇంటికాడే ఉండనియ్యండి. అక్కడికి ఎల్లినోల్లు మల్లీ రారు."

ఉద్దానంలో ఆ భయం ఎలాంటిదో అప్పుడు అర్థమైంది. కిడ్నీ జబ్బు ఈ పల్లెల్లో ఎంతమందినో పట్టుకుంది. అందుకే ఏ నలత వచ్చినా ముందు దాని పేరే గుర్తొస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ వెతకరు. సుధ పోలమ్మ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. ఉండాల్సిన దానికన్నా తక్కువే ఉంది. నేను ఢిల్లమ్మను అడిగాను, "ఈమె తోటల్లోకి వెళ్తుందా?"

"ఒదినా? పొద్దున్నే సరుగుడు ఆకు ఏరుకురావాల కదమ్మా, పొయ్యిలోకి. రోజూ ఎల్తాది."

సుధా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మగవాళ్ళను బయటికి పంపి తలుపు దగ్గరకు వేశాం. ఈ పురుగు కుట్టిన చోట నొప్పి ఉండదు, దురద కూడా పెద్దగా ఉండదు. నల్లటి పక్కు కట్టి ఊరుకుంటుంది. అది కూడా బట్టల మడతల్లోనే, ఎవరూ చూడని చోటే. చెవుల వెనక చూశాం. చంకల్లో, మెడ కింద చూశాం. ఏమీ లేదు. ఢిల్లమ్మ పోలమ్మను ఒక పక్కకు ఒత్తిగిల్లించి లంగా బొందు వదులు చేసింది. నడుం మీద, బొందు ఒరుసుకునే చోట, కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలా!

"ఇదేటి ఒదినా?" అంది ఢిల్లమ్మ.

పోలమ్మ కళ్ళు తెరవకుండానే గొణిగింది. "సుట్ట నిప్పు రాలిందే. అదేటీ నేదు."

ఈ తీరంలో ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారు. నిప్పు ఒళ్ళో రాలి చిన్న చిన్న మచ్చలు పడటం మామూలే. అందుకే ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు ఆ గదిలో ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఒక మనిషి ఆయాసపడుతుంటే అంత ఆనందం కలగడం తప్పేమో తెలియదు. కానీ ఆ నల్లటి పక్కు అంటే ఆ జ్వరానికి పేరుంది, మందుంది, ఆ మందు సుధ సంచీలోనే ఉంది! రక్తపరీక్ష కోసం ఆగకుండా అక్కడికక్కడే మాత్ర మింగించింది సుధ, 108కి ఫోను చేసింది.

ఇక మిగిలింది దానయ్య. సుధ చెప్పింది వింటున్నాడు గానీ తల అడ్డంగానే ఊపుతున్నాడు. నేను సీసా తీసి, భూతద్దం అతని చేతిలో పెట్టాను. "ఇవాళ పొద్దున్న ఇక్కడి సరుగుడు తోట గట్టు మీద పట్టాం. ఇలాంటిది కుడితే వచ్చే జ్వరమే ఇది. మందు పడితే తగ్గుతుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్షలో తెలుస్తుంది. అదేమీ దాచం."

సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంతదా?" అన్నాడు చివరికి. "ఇంతది ఇంత మనిసిని పడగొట్టీసిందా?" సీసా నాకు ఇచ్చేసి లోపలికి వెళ్ళి, భార్య మీద దుప్పటి కప్పాడు. "ఒలే, లే. ఎల్దాం" అన్నాడు.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి హైవే మీదుగా టెక్కలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తవిటయ్య మా సామాను వేసుకుని వెనకే వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆ పక్కు చూసి మందును సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పోలమ్మ ఒప్పుకున్నాక ఆ పక్కునూ కాస్త రక్తాన్నీ మా ల్యాబ్ కోసం తీసుకున్నాను. ఆ క్రిమి ఆనవాలు దొరకడానికి పక్కును మించిన నమూనా లేదు. తిరిగి వెళ్ళాలనుకున్న నేను టెక్కలి బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. సోమవారానికి సెలవు చెప్పాను.

ఆదివారం భయంగానే గడిచింది. జ్వరం దిగడం, ఎక్కడం. కిడ్నీ పరీక్ష ఫలితం మామూలు కన్నా కొంచెం ఎక్కువుంది. ఈ జ్వరంలో అలా పెరగడం ఉంటుందని, తగ్గాక మళ్ళీ చూడాలని డాక్టరు చెప్పాడు. దానయ్య వరండాలోంచి కదల్లేదు. సోమవారం పొద్దున్న నేను వార్డులోకి అడుగు పెట్టేసరికి పోలమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆక్సిజన్ తీసేశారు. చేతిలో ఇడ్లీ పొట్లం.

"ఈ ఇడ్డెన ఏటమ్మా, రాయినాగుంది. కవ్వల్ల సేపల కూర దొరకదా ఇక్కడ?"

దానయ్య అటు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నర్సు థర్మామీటరు చూసి నవ్వింది. సుధకు ఫోను చేస్తే, ఓపీ మధ్యలో ఉన్నానని కూడా మరిచిపోయి కేక పెట్టింది.

మగతలో ఒప్పుకున్నది గుర్తులేని పోలమ్మ, నేను తీసుకున్న పక్కు సంగతి మళ్ళీ చెప్పగానే ఆశ్చర్యపోయింది. "నా ఒంటి మీది పక్కు ఇసాపట్నం పట్టుకెల్లి ఏటి సేత్తారు?"

"అందులో ఆ క్రిమి ఉందో లేదో చూస్తాం. ఉంటే ఈ ఊళ్ళ డాక్టర్లందరికీ చెప్తాం, వెతకమని."

"అయితే పట్టుకెల్లండి. బాగా సూడండి" అంది గంభీరంగా.

చూశాం. ఉంది. ఆ ఫలితం తెర మీద కనిపించిన రోజు మా ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు పంచాను. ఆ తర్వాత వారానికి సుధ ఫోన్ చేసింది. పోలమ్మకు మళ్ళీ చేసిన కిడ్నీ పరీక్ష మామూలుగా వచ్చింది. ఆ కాగితం తీసుకుని దానయ్య ఊరంతా తిరిగి చూపించాడట. ఢిల్లమ్మ ఇప్పుడు జ్వరం అని ఎవరింటికి వెళ్ళినా ఆడవాళ్ళను గదిలోకి తీసుకెళ్ళి నడుం దగ్గర చూస్తోందట. మరో ఇద్దరిలో పక్కు దొరికింది, ఇద్దరూ మొదటి రోజుల్లోనే మందు మింగి లేచి తిరుగుతున్నారు.

ల్యాబ్‌లో కూర్చుంటే జబ్బు ఒక నమూనా. ఉద్దానంలో అది పొయ్యిలోకి ఆకు ఏరడం, బొందు ఒరుసుకోవడం, చుట్ట నిప్పు, చనిపోయిన అన్న జ్ఞాపకం. ఇవన్నీ కలిస్తే గాని ఒక జ్వరం కథ పూర్తి కాదని నాకు ఇప్పుడు తెలిసింది. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం చదువుకునే రోజుల్లో కూడా లేదు. మీరు ఆ తోటల కోసం, ఆ సముద్రం కోసం తప్పకుండా వెళ్ళండి. కాకపోతే నిండా బట్టలు వేసుకోండి, ఆకుల మీద నేరుగా కూర్చోకండి, సాయంత్రం స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఇంటికి చేరిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఎన్ని రోజుల నుంచి అన్నది ఒక్కటే డాక్టరుకు చెప్పి ఊరుకోకండి. ఏ తోటలో తిరిగారో కూడా చెప్పండి.