సంచి తీసేసిన తర్వాత

మందమర్రి నుంచి మేనకోడలు ఫోన్ చేసి, వాళ్లమ్మ, అంటే మా అక్క, పోయిందని చెప్పింది. నేను వెంటనే నమ్మలేదు. ఫోన్‌లో ఏం చెప్పినా రెండుసార్లు అడగడం నా అలవాటు. మళ్లీ అడిగాను. అటువైపు ఏడుపే వినిపించింది.

బావ బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఆయన పాత ఖాకీ ప్యాంట్లు కత్తిరించి అక్క చేతిసంచులు కుట్టేది. అంగడికి ఎవరు వట్టి చేతులతో పోతున్నా పిలిచి ఒకటి ఇచ్చేది. నాకు అందరి మీదా అనుమానమే, కానీ అయినవాళ్లను ఎదురుగా నోరు తెరిచి అడగలేను. "అడుగు తమ్మీ, కడుపుల దాసుకోకు" అనేది.

తన కడుపు సంగతి మాత్రం తనే దాచుకుంది. నిరుడు పొట్ట ఉబ్బింది. నాలుగు మెతుకులకే నిండిపోయేది. దవాఖానకు పోదామంటే, "గ్యాసు తమ్మీ. గర్భసంచి ఎన్నడో తీసేసిన్రు, ఇంకేమున్నదని పోవాలె?" అంది. అన్నిటినీ అనుమానించే నేను ఆ ఒక్క మాట నమ్మాను. సంచి తీసినా అండాశయాలు లోపలే ఉన్నాయని, క్యాన్సర్ అక్కడ వచ్చిందని కరీంనగర్‌లో డాక్టర్ చెప్పేసరికి అది ముదిరిపోయింది.

అక్కడే పరిశోధన చేసే అమ్మాయి ఒకామె అక్క రక్తం కొంచెం అడిగింది.

"ఎవరికి అమ్ముతరు?" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. మన ఒంట్లోని బ్యాక్టీరియా కంటికి కనపడని సంచుల్లాంటివి వదులుతాయట. వాటిలోని ప్రోటీన్లు రక్తంలో కనిపిస్తే ఈ క్యాన్సర్‌ను ముందే పట్టవచ్చేమో చూస్తున్నారట. "ఇంకా తేలలేదమ్మా. మీకైతే దీంతోని ఫాయిదా లేదు" అని దాచకుండా చెప్పింది.

అక్క నవ్వింది. "నా సంచి పారేసిన్రు, గిప్పుడు పురుగుల సంచులు దేవులాడుతున్నరా బిడ్డా? అవి గూడ ఖాకీయేనా?"

సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. కాగితం రెండుసార్లు చదివాను. పెన్ను ముట్టలేదు.

"నా బిడ్డకు గిట్ల ఆలిశం గావద్దు. పెట్టు తమ్మీ" అంది. పెట్టాను.

ఆ పరీక్ష వస్తుందా, వచ్చినా మందమర్రి దాకా వస్తుందా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

పదోరోజు భోజనాల్లో మేనకోడలు రెండు ముద్దలకే లేచింది.

"ఎన్నిరోజుల నుంచి గిట్ల?" అని అడిగాను.

"దుఃఖానికి మామా. గ్యాసు గూడ ఉన్నట్టుంది."

"రేపు దవాఖానకు పోదాం."

ఆమె నా ముఖం చూసింది, కాదనలేదు. తెల్లారి బయలుదేరుతూ, అక్క చివరగా కుట్టిన సంచి మేకు మీది నుంచి తీసుకుంది. రెండో పట్టీ ఇంకా కుట్టలేదు, సూది దారంతో అక్కడే వేలాడుతోంది. ఉన్న ఒక్క పట్టీనే భుజానికి వేసుకుని ఆమె బస్టాండు వైపు నా ముందు నడిచింది.