అవి అమ్మమ్మవి

మా ఆడబిడ్డ ఓసాయ్ బడి నర్సు. దెబ్బలకు కట్టు కట్టేది, కళ్ళు పరీక్షించేది, చిన్నపిల్లల చేత దగ్గరుండి పళ్ళు తోమించేది. ఎన్ని చేసినా ఊళ్ళో ఆమెకు స్థిరపడిన పేరు మాత్రం పేల నర్సు. ఆ పేరు విని నవ్వేదే తప్ప నొచ్చుకునేది కాదు. అదే బడిలో నేను వంట చేసేదాన్ని. అందుకే ఆ ఏడాది జరిగింది నాకు దగ్గరగా తెలుసు.

తైవాన్ తూర్పు తీరంలో, వెనక కొండకూ ముందు సముద్రానికీ మధ్య ఇరుక్కున్న సన్నటి నేల మీద ఉంటుంది మా అమిస్ తెగవాళ్ళ ఊరు. వయసులో ఉన్నవాళ్ళు ఉత్తరాదిన ఫ్యాక్టరీలకూ ఇళ్ళు కట్టే పనులకూ పోతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. ఇంట్లో అందరికీ ఒకే చాప. ఒక తలలో పేను పడిందంటే నాలుగు రోజుల్లో ఇంటిల్లిపాదికీ చుట్టమైపోతుంది.

ఓసాయ్ రాకముందు పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి తలలు చూసేవారు. పేలున్నవాళ్ళను ఒక పక్కకు నెట్టేవారు. అలా నిలబడ్డ పిల్ల సాయంత్రానికి ఊరందరి నోళ్ళలో నానేది. ఓసాయ్ ఆ వరసలు మాన్పించింది. కళ్ళు చూస్తానని చెప్పి ఒక్కొక్కరినే గదిలోకి పిలిచేది. చెవుల వెనకా మెడ మీదా పాయలు విడదీసి చూసేది. పేలుంటే మందు పెట్టి, తడి జుట్టు మీద పేల దువ్వెన లాగేది. మందుకు ఈపులు చావవు కనక, అవి పిల్లలయ్యే వేళకు వారం తర్వాత మళ్ళీ పెట్టేది. అయినా తిరిగి పట్టేవి. అప్పుడు సైకిలెక్కి ఆ పిల్ల ఇంటికి పోయేది.

“తలకు కాదు వదినా, ఇంటికి పెట్టాలి మందు. అమ్మమ్మను వదిలేసి మనవరాలికి పెడితే ఏం లాభం?” అనేది నాతో.

ఒకే రోజు ఇంట్లో అందరి తలలకూ మందు పెట్టించేది. దుప్పట్లు మరిగే నీళ్ళలో వేయించేది. అలా ఒక్కో ఇల్లూ దారికొచ్చింది, లిసిన్ ఇల్లు తప్ప.

లిసిన్‌కు డెబ్బై దాటాయి. కూతురు ఉత్తరాదిన బట్టల మిల్లులో పని చేసేది. మనవరాలు సవ్మా నాలుగో తరగతి. చలాకీ పిల్ల, నా వంటగది కిటికీలో తలపెట్టి “ఇవాళేంటత్తా?” అని అడగందే ఆ పిల్లకు పొద్దు గడిచేది కాదు. దాని తల శుభ్రం చేసి పంపితే పది రోజులకు మళ్ళీ గోక్కుంటూ వచ్చేది. దుకాణం నడిపే ఒకామె, అదే తరగతి పిల్లాడి తల్లి, బడికొచ్చి అరిచింది.

“ఆ పిల్లను వేరే కూర్చోబెడతారా, మా వాణ్ణి మాన్పించమంటారా? నర్సుగారు మందు పోస్తూనే ఉన్నారు, ఆ తల ఊరంతటికీ పంచుతూనే ఉంది!”

హెడ్మాస్టరు మెత్తని మనిషి. ఎవరేమన్నా కంగారుపడేవాడు. “పోనీ క్రాపు కొట్టిద్దాం నర్సమ్మా, ఒక్క పూటలో తేలిపోతుంది” అన్నాడు.

“జుట్టుతో పేలు పోతాయి సార్. పిల్ల కూడా పోతుంది. మళ్ళీ బడికి రాదు” అంది ఓసాయ్.

ఆ మాట ఊరికే అన్నది కాదు. లిసిన్ కథ ఆమెకు అప్పటికే తెలుసు. జపాను వాళ్ళ ఏలుబడిలో, లిసిన్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, బడి పంతులు పేలున్నాయని అందరి ముందూ గుండు గీయించి కిరసనాయిలు పోయించాడు. ఆ మర్నాటి నుంచి లిసిన్ బడి గడప తొక్కలేదు. ఆ తర్వాత పెరిగిన జుట్టుకు మరి కత్తెర తగలనివ్వలేదు. మరొకరి చెయ్యీ పడనివ్వలేదు. ముసలితనంలో భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోయినా, చూపు మసకబారినా, ఎవరినీ దువ్వనిచ్చేది కాదు.

ఓసాయ్ మందు సీసా తీసుకెళ్తే దూరం నుంచే లిసిన్ వాసన పట్టింది. “అవతలికి తీసుకుపో ఆ కిరసనాయిలు!”

“ఇది కిరసనాయిలు కాదు పిన్నీ.”

“నా ముక్కుకు నువ్వు చెప్తావా? పోవే.”

మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు తిట్లు తిని వచ్చింది. నాలుగోసారి సీసా లేకుండా పోయింది. నేనూ వెంట ఉన్నాను. అరుగు మీద వెదురు చేటలో కూర ఆకులు ఏరుతోంది లిసిన్. ఓసాయ్ జడ విప్పేసుకుని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

“పిన్నీ, బడిపిల్లల దగ్గర నుంచి నాకూ ఎక్కాయి. మా వదినకు చూడ్డం రాదు. నువ్వు చూసిపెట్టు.”

నాకు చూడ్డం రాకపోవడమేమిటి! నోరెత్తబోతే నా కాలు తొక్కింది.

లిసిన్ చేట పక్కకు నెట్టి, ఓసాయ్ తల ఒళ్ళోకి లాక్కుంది. “కళ్ళు పోయినా వేళ్ళున్నాయిలే” అంటూ పాయలు తీసింది. నిజంగానే ఒకటి పట్టి గోటి మీద టప్పున చిదిమింది. “నర్సట నర్సు! తన తల తనకు కానరాదు గానీ ఊళ్ళో తలలన్నీ కావాలి!”

ముగ్గురం పగలబడి నవ్వాం. లోపల్నుంచి సవ్మా పరిగెత్తుకొచ్చి, ఏమిటో తెలియకుండానే తనూ నవ్వింది.

పొద్దు వాలేవేళ లిసిన్ తనే జుట్టు విప్పింది. నేల మీద కుప్పగా పడింది, వెండి రంగులో. “దువ్వెనైతే సరే. మందు మాత్రం వద్దు” అంది.

మందు లేకుండా దువ్వెనతో అంటే నెలల పని. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఓసాయ్ అక్కడికే పోయేది. జుట్టు తడిపి, నూనె రాసి, కుదుళ్ళ నుంచి కొసల దాకా పాయ పాయా లాగి, తెల్లగుడ్డకు తుడిచి చూసేది. లిసిన్ తన ఆడపిల్లనాటి పాటలు కూనిరాగంగా పాడేది. సవ్మా తల తేరుకుంది. ముసలామె తలలోనూ పలచబడ్డాయి. “ఇంకో నెల పిన్నీ, తలలో ఒక్కటి మిగిలితే ఒట్టు” అంది ఓసాయ్. “అన్నీ తీసేస్తే నాకు తోడెవరే?” అంది లిసిన్.

ఆ వానాకాలం తుఫానుకు కొండ జారి రోడ్డు తెగింది. దెబ్బలు తగిలినవాళ్ళకు సాయంగా ఓసాయ్‌ను పొరుగూరి వైద్యశిబిరానికి పంపించారు. రెండు ఆదివారాలు తప్పాయి. రోడ్డు బాగయ్యి ఆమె తిరిగొచ్చిన మర్నాడే సోమవారం.

ఆ పొద్దున సవ్మా వంటగది కిటికీ దగ్గరికి రానేలేదు. ఓసాయ్ గది మెట్ల మీద కూర్చుని రెండు చేతులా గోక్కుంటోంది. నేను ఆవిరి రొట్టె తీసుకెళ్ళేసరికి ఓసాయ్ దాని తల చూస్తోంది.

“ఇదేంటే, మొన్న నేను వెళ్ళేటప్పుడు అద్దంలా ఉంది కదే తల?” అంటూ పాయలు తీసి, ఉన్నట్టుండి మాట ఆపేసింది. నేనూ వంగి చూశాను. అన్నీ ఎదిగిన పేలే, తలంతా పరుగులు. ఈపి అన్నది ఒక్కటి లేదు. అక్కడ పుట్టినవి కావు. ఒక్కపెట్టున ఎక్కడి నుంచో వలస వచ్చినవి.

“సవ్మా, అమ్మమ్మ ఏం చేస్తోంది?” గొంతు మామూలుగానే పెట్టింది ఓసాయ్.

“పడుకుంది. లేపితే లేవలేదు. చేతులు చల్లగా ఉన్నాయని నా దుప్పటి కూడా కప్పొచ్చా.”

ఓసాయ్ నా ముఖంలోకి చూసింది. నా చేతిలో రొట్టె తీసి పిల్ల చేతిలో పెట్టింది. “తిను తల్లీ. టీచరమ్మ దగ్గర కూర్చో. నేనిప్పుడే వస్తా.”

మేమిద్దరం వెళ్ళేసరికి లిసిన్ పక్కకు తిరిగి పడుకునే ఉంది, సవ్మా దిండు వైపు ముఖం పెట్టి. నిద్రలోనే పోయింది. మీద పువ్వుల దుప్పటి మెడ దాకా కప్పి, అంచులు జాగ్రత్తగా దోపి ఉన్నాయి. దిండు గుడ్డ మీద ఇంకా కొన్ని పేలు తిరుగుతున్నాయి.

“ఊరు వచ్చేస్తుంది వదినా, నీళ్ళు పెట్టు” అంది ఓసాయ్.

నేను నీళ్ళు కాచాను. ఆమె దిండు గుడ్డ తీసేసింది. లిసిన్ తల తన ఒళ్ళో పెట్టుకుని కడిగింది. కుదుళ్ళ నుంచి కొసల దాకా ఎప్పటిలాగే పేల దువ్వెన లాగింది, గుడ్డకు తుడిచింది, మళ్ళీ లాగింది. చనిపోయిన మనిషి తల చూసి ఎవరూ ముఖం తిప్పుకోకూడదని ఆమె తాపత్రయం. జడ సగం అల్లి ఆపేసింది. “రెండు వారాలు పిన్నీ, రెండే రెండు వారాలు” అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. మిగతా జడ నేను అల్లాను.

చావింట్లో ముసలమ్మలు మాట్లాడుకునే మాటలు పిల్లల చెవిన పడకుండా ఉంటాయా? ఒంట్లో వేడి ఆరితే పేలు వెచ్చటి తల వెతుక్కుంటాయని ఎవరో అంటే సవ్మా వింది. సాయంత్రం ఓసాయ్ దువ్వెన పట్టుకుని దగ్గరికి పిలిస్తే గోడకు అతుక్కుపోయింది.

“తియ్యొద్దత్తా. అవి అమ్మమ్మవి. నా దగ్గరికొచ్చాయి.”

“దురద పెడతాయి కదే?”

“పెట్టనీ. చంపకు.”

ఎన్ని వేల పేలు చంపిన చెయ్యో అది, ఆగిపోయింది. దువ్వెన జేబులో పెట్టుకుంది. మెత్తటి గుడ్డతో పిల్ల తల చుట్టి ముడివేసింది. “సరే. సమాధి అయ్యాక అందరం చేపలకు పోయే రోజు దాకా ఉంచుకో. ఆ రోజు ఏటి దగ్గర నేనే తీస్తా, నీళ్ళలో వదిలేద్దాం. చంపను. సరేనా?”

సవ్మా తలూపింది.

లిసిన్ కూతురు వచ్చింది, సమాధి అయ్యింది. మా ఆనవాయితీ ప్రకారం దుఃఖం కడిగేసుకోవడానికి చుట్టాలంతా ఏటికి పోయి చేపలు పట్టి కలిసి తినాల్సిన రోజు వచ్చింది. మేం వలలతో బయల్దేరేసరికి తల్లీకూతుళ్ళు లేరు. సవ్మాను తల్లి తనతో ఉత్తరాదికి తీసుకుపోతోందని, మధ్యాహ్నం బస్సుకు కావలసినవి కొనడానికి పొద్దున్నే బజారుకు పోయారని అన్నారు. వాళ్ళ కోసం ఆగాం. తిరిగొచ్చినప్పుడు సవ్మా తల మీద గుడ్డ లేదు. మగపిల్లాడి క్రాపు. చెవుల పైన చర్మం తెల్లగా కనిపిస్తోంది.

ఓసాయ్ చేతిలో వల జారిపోయింది. “ఒక్క గంట ఆగలేకపోయావా అమ్మా?”

తల్లి కూడా ఏడుస్తూనే ఉంది. “రేపు దాన్ని కొత్త బళ్ళో చేర్చాలక్కా. మొదటి రోజే తలలో పేలు చూస్తే ఏమంటారో నీకు తెలీదు. ఆ ఊళ్ళో నన్ను అన్నారు. కొండజాతిదని పక్కన కూర్చోలేదు. దాన్నీ అనాలా?”

సవ్మా ఎవరినీ చూడలేదు. ఓసాయ్ వంగి రెండు బుగ్గలూ పట్టుకుంటే, మెల్లగా విడిపించుకుని, బస్సు రాగానే ఎక్కి అవతలి కిటికీ దగ్గర కూర్చుంది.

ఆ రోజు ఏటిలో చేపలు బాగా పడ్డాయి. ఓసాయ్ ఒక్కటీ ముట్టలేదు.

తర్వాత కూడా ఆమె తన పని తను చేసింది. కళ్ళ పరీక్షలు, దువ్వెన, వారం తర్వాత రెండో మందు, సైకిలు. పేలు ఏడాదికేడాది తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. సవ్మా సంగతి అడుగుతూ మిల్లుకు ఫోను చేయించింది. తల్లి పని మారిందని చెప్పారు.

కొన్నేళ్ళకు సవ్మా ఒక్కసారి వచ్చింది. ఎదిగిపోయింది, ముందు నేను గుర్తుపట్టలేదు. వంటగది కిటికీలోంచి తలపెట్టి “ఓసాయ్ అత్త ఉందా?” అని అడిగింది. ఓసాయ్ ఆ రోజు మోకాళ్ళ నొప్పులకు పట్నం ఆసుపత్రికి పోయింది. సాయంత్రం దాకా రాదని చెప్పాను. అన్నం తినమంటే కొంచెం తింది. ఓసాయ్ గది మెట్ల మీద కూర్చుంది. మర్నాడు పని ఉందని ఆఖరి బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ బస్సు పోయిన కాసేపటికి ఓసాయ్ దిగింది. చెప్పాను.

“ఏమైనా అందా?”

“మళ్ళీ వస్తానంది.”

“ఎంతసేపు కూర్చుంది వదినా?”

“బస్సు వచ్చేదాకా” అన్నాను.

ఓసాయ్ మందుల సంచీ కింద పెట్టి ఆ మెట్ల దగ్గరికే నడిచింది.