టెలిస్కోపులో నిటారుగా నిలబడ్డ మా తమ్ముడు

దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించుకున్న ఆడవాళ్ళను మా ఊళ్ళో చాలామందిని చూశాను. వాళ్ళలో సగం మందికి పట్టింది అత్తగారు, మిగతా సగానికి ఆకలి. నేను నల్లరేగడి నేలలో పుట్టి పెరిగి, చీకట్లో ఒంటరిగా నీళ్ళు కట్టడానికి పోయినదాన్ని. పాము కనిపించింది, అడవిపంది కనిపించింది, ఒకసారి పక్క పొలంవాడు నా నీళ్ళు తన మడికి తిప్పుకుంటూ కనిపించాడు. దయ్యం ఒక్కనాడూ కనిపించలేదు.

ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను చూసింది నా సొంత తమ్ముణ్ణి. వాడి ప్రాణం సంగతి కాబట్టి ఒక్క మాట కూడా కలిపి రాయను.

మా ఊరు కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను బడికి పోలేదు. నలభై దాటాక రాత్రి బడిలో తమిళ అక్షరాలు దిద్దాను. తెలుగు అక్షరాలు నేర్పింది మా కోడలు, ఆమెది చిత్తూరు వైపు. తప్పులుంటే ఆమే దిద్దుతుంది, సంగతి మాత్రం నాది.

మా అబ్బాయి రాఘవన్ తిరుత్తంగల్‌లో క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో పని చేస్తాడు. అమావాస్యలూ పౌర్ణములూ అచ్చువేసీ వేసీ వాడికి చంద్రుడి పిచ్చి పట్టుకుంది. ఫోనులో అలాంటి పిచ్చివాళ్ళే ఒక గుంపు ఉన్నారు. ఎవరి మేడ మీద ఏ టెలిస్కోపు పెట్టారో, దానికి కాళ్ళు ఎలా బిగించారో, పైన ఏ గుడ్డ కప్పారో ఒకరికొకరు ఫోటోలు పంపుకుంటారు. కొత్తగా నగ చేయించుకున్న ఆడది కూడా అంతగా చూపించుకోదు.

మాసి నెలలో, అంటే శివరాత్రి రోజుల్లో, ఒక శనివారం ఆ గుంపులో ముగ్గురు తమ సామాన్లతో మా మేడ మీదికి వచ్చారు. పత్తి కట్టె పీకేసిన రోజులు. పొలాలన్నీ బోడిగా ఉన్నాయి, చూపుకు అడ్డం లేదు. సాయంత్రం నాలుగున్నరకల్లా మూడు టెలిస్కోపులూ నిలబెట్టేశారు. సంతలో ఎద్దుల నోళ్ళు తెరిచి పళ్ళు చూసినట్టు ఒకరిది ఒకరు తిప్పి తిప్పి చూసుకున్నారు.

ఒకాయన బడిలో పాఠాలు చెప్పే వాధ్యారు. ఒకతను మందుల షాపువాడు, అతనిది కొన్నది. ఫోనులో నక్షత్రం పేరు కొడితే అదే గిర్రున తిరిగి చూపిస్తుంది. మూడో మనిషి చెన్నయ్య, విరుదునగర్ వైపు మరమగ్గాలు నడిపే నేతవాడు, మన భాషే మాట్లాడతాడు. అతనిది అంతా చేతిపని. గొట్టం బోరుబావిలో దించే పైపు. కింద పలకలతో చేసిన పెట్టె, తిరగలిలాగా తిరుగుతుంది. లోపలి అద్దాన్ని మాత్రం ఏడు నెలలు గాజు మీద గాజు పెట్టి తానే అరగదీశాడట. మందుల షాపతను తన యంత్రం గురించి ఆపకుండా చెబుతుంటే చెన్నయ్య ఊరుకోలేదు.

“అంతా అదే వెతుక్కుంటే నీకేమి పని? పక్కన కూచోని దానికి కాపీ పోస్తావా?” అన్నాడు.

నాకు చెన్నయ్య నచ్చాడు.

పెద్ద గొట్టం మీద ఒక చిన్న గొట్టం ఉంటుంది. ముందు చిన్నదాంట్లో చూసి, పెద్దదాన్ని అటు తిప్పుకోవాలి. రెండూ ఒకే చోటును చూస్తున్నాయా లేదా అని వెలుతురు ఉండగానే సరిచూసుకుంటారు. దానికి దూరంగా, కదలని వస్తువు ఒకటి కావాలి. పొద్దు మా వెనక పడమట ఉంది. చెన్నయ్య తూర్పున ఎండ పడుతున్న మా మోటారు గదిని ఎంచుకున్నాడు. మేడ నుంచి అది ఒక మైలుకు తక్కువ ఉండదు.

ఆ గది పక్కనే బావి. ఆ బావి గురించి చెప్పకపోతే మిగతాది తెలియదు.

నన్ను ఇచ్చింది మా సొంత మేనమామ కొడుక్కే, ఉన్న ఊళ్ళోనే. ఊరు విడిచి పోలేదని మా నాన్న తన బావిలో నాకూ మా తమ్ముడు గురుసామికీ చెరి సగం రాసిచ్చాడు. నాకు మూడు రోజులు, వాడికి మూడు రోజులు, ఏడోనాడు బావికి విశ్రాంతి. ఆరేళ్ళ కిందట కరువులో నా వంతు రోజు వాడు మోటారు వేసుకున్నాడు. నలుగురిలో అడిగాను. వాడు నవ్వాడు. ‘నువ్వుగా నా వాకిట్లోకి వచ్చేదాకా ఆ బావి గట్టు తొక్కను, నీ మొహం చూడను’ అని చెప్పి వచ్చేశాను. వాడు రాలేదు, నేను పోలేదు. మాట మాట్లాడలేదు. ఒకే వీధిలో ఆరేళ్ళు.

సరిచూసుకోవడం అయ్యాక రాఘవన్ నన్ను పిలిచాడు. దీంట్లో అంతా తలకిందులుగా తెలుస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాడు. నేనెందుకు భయపడతాను? ఒక కన్ను మూసి, రెండోది గొట్టానికి ఆనించాను. నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను.

వాడు చెప్పినట్టే ఉంది. నల్లనేల పైకి పోయింది, ఆకాశం కిందికి వచ్చింది. మోటారు గది కప్పు కిందికి వేలాడుతోంది. వేపచెట్టు గబ్బిలంలాగా ఉంది. ఆ గది పక్కన మా తమ్ముడు ఉన్నాడు. వాడు మాత్రం తలకిందులుగా లేడు. మీరూ నేనూ నిలబడినట్టు తల పైకి, కాళ్ళు కిందికి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, ఒక కాలు మడిచి, ఒంటికాలి మీద ఉన్నాడు. పంచె ఛాతీ దాకా ఎగిరిపోయి ఉంది. చారల నిక్కరు కనిపిస్తోంది. వేపాకు ఒక్కటి కూడా కదలడం లేదు, కాబట్టి గాలి లేచి ఎగిరింది కాదు.

నాకు ఒళ్ళు మండింది. మా మేడ మీద జనాన్ని చూసి, ఎగతాళికి పంచె ఎత్తి చూపిస్తున్నాడని అనుకున్నాను. మా వైపు అంతకన్నా పెద్ద అవమానం లేదు. వాడి వయసు అరవై రెండు, సిగ్గు ఉండొద్దా? రాఘవన్‌తో ఆ మాటే అన్నాను.

రాఘవన్ చూశాడు. ఎవరూ లేరన్నాడు. వాధ్యారు చూశాడు. గది ఉంది, చెట్టు ఉంది, మనిషి లేడన్నాడు. వాళ్ళను పక్కకు నెట్టి మళ్ళీ చూశాను. అలాగే ఉన్నాడు, అదే కాలు మడిచి, అవే చేతులు ఎత్తి.

మేనమామ పంచె ఎత్తినా దీంట్లో తలకిందులుగానే తెలియాలి కదా అని రాఘవన్ నవ్వాడు. కాదు, నేరుగా ఉన్నాడని గట్టిగా చెప్పాను. అప్పుడు చెన్నయ్య తన టెలిస్కోపుకు చెడ్డపేరు వస్తుందనుకున్నాడో ఏమో, నాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు.

“దీని గుణం మారదు అమ్మా. దీంట్లో నేరుగా తెలిసినాడంటే, ఆయన ఆడ నిజంగా తలకిందలా యాలాడతా ఉండాల.”

అతను తమాషాకే అన్నాడు. నేను కళ్ళు మూసుకుని, చూసినదాన్ని మళ్ళీ తలుచుకున్నాను. ఎత్తిన చేతులు, ఎగిరిన పంచె, మడిచిన కాలు... బొమ్మను తిప్పేస్తే ఏమవుతుందో ఒక్కసారిగా తెలిసిపోయింది. చేతులు ఎత్తడం కాదు, వేలాడుతున్నాయి. పంచె ఎగరడం కాదు, జారిపోయింది.

రాఘవన్ మేనమామ ఫోనుకు కొట్టాడు. ఎత్తలేదు. తమ్ముడి పెళ్ళాం రాజమ్మకు కొడితే ఎత్తింది. మూడున్నరకు పొలం పోయినాడు, వచ్చేస్తాడు, ఏమి సంగతి అని అడిగింది. ఆరేళ్ళ తరువాత మా ఇంటి నుంచి ఫోను వస్తే అడగదా మరి. రాఘవన్ ఫోను పెట్టేసి నా మొహం చూశాడు. అక్కడికి పోయి, వాడు చెట్టుకింద బీడీ తాగుతూ ఉంటే నా మాట ఏమవుతుంది? జనం ఏమంటారు? అది కూడా ఆలోచించాను. అబద్ధం ఎందుకు? మెట్లు దిగేంతసేపూ ఆలోచించాను. దిగాక బండి తియ్యమన్నాను.

రాఘవన్ బండి వెనక నేను, వాధ్యారు బండి మీద చెన్నయ్య. మోటారు గది దగ్గర ఎవరూ లేరు. నేను చూసిన చోట ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. బావి గట్టు మీద వాడి చెప్పులు ఉన్నాయి, పక్కపక్కన పెట్టి.

గట్టు తొక్కాను. లోపలికి వంగి చూశాను.

పదిహేను అడుగుల లోతులో, గోడకు దిగగొట్టిన ఇనుప మెట్లలో ఒకదానికీ నీళ్ళ పైపుకూ నడుమ వాడి కుడి చీలమండ ఇరుక్కుపోయి ఉంది. వాడు దానికి తలకిందులుగా వేలాడుతున్నాడు. ఎడమకాలు మడిచి ఉంది. చేతులు రెండూ కిందికి, పంచె ఛాతీ మీదికి. చారల నిక్కరు. అడుగున నీళ్ళు ఇంకో నలభై అడుగుల కింద. పిలిస్తే పలకలేదు.

ట్రాక్టరు కట్టే తాడు గదిలోనే ఉంది. రాఘవన్ నడుముకు కట్టుకుని దిగాడు. చెన్నయ్య, వాధ్యారు, పక్క పొలంలోంచి పరుగెత్తి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు, నేను, అందరం కలిసి లాగాం. పైకి వచ్చేసరికి వాడి మొహం ఉబ్బిపోయి గుమ్మడికాయలాగా ఉంది. ఊపిరి ఉంది. ఊళ్ళోంచి వ్యాను పిలిపించి, అందులో వేసి కోవిల్‌పట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఇంకాసేపు అలాగే ఉండి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది.

నాలుగు గంటలప్పుడు పైపులో చెత్త పట్టిందని దిగాడట, పదిహేను అడుగులు దిగేసరికి పాదం జారిందట. మేము పోయింది అయిదున్నరకు. గంటన్నర.

మూడోనాడు వాడికి మాట వచ్చింది. రాజమ్మ కాఫీ తేవడానికి పోయింది. గదిలో మేమిద్దరమే. నేను బత్తాయి వలుస్తున్నాను. వాడు నన్నే చూస్తూ ఉండి అడిగాడు.

“ఏమిటికక్కా రెండు తడవలు వచ్చి చూసి పోతివి?”

ఎప్పుడురా అన్నాను.

“బాయి పైనించి వంగి చూస్తివి. ఒక కన్ను మూసుకోని ఉంటివి. అక్కా అని పిలిస్తిని. పలకలే, పోతివి. మళ్ళీ వస్తివి, అట్లే ఒంటికంటితో చూస్తివి, పోతివి. సరి, అక్కకు కోపం ఆరలే, ఇంక నా కత అయిపోయినట్టే అనుకొంటిని.”

అప్పటికి మేడ మీద జరిగిన సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. రాజమ్మను అడిగాను, రాఘవన్‌ను అడిగాను. ఎవరూ చెప్పలేదు. టెలిస్కోపు అనే మాట కూడా వాడి చెవిన పడలేదు.

తరువాత చెన్నయ్య మనసు ఆగక మళ్ళీ వచ్చాడు. అదే టెలిస్కోపు, అదే చోట పెట్టాడు. రాఘవన్‌ను మోటారు గది పక్కన నిలబెట్టి నాకు చూపించాడు. అందరిలాగే తలకిందులుగా ఉన్నాడు. బావి గట్టు అంచు ఒక గీతలాగా తెలుస్తుంది. లోపల ఒక్క అడుగు కూడా తెలియదు, తెలిసే దారి లేదు. ఎండకు గాలి వేడెక్కితే దూరంలో ఉన్నవి పైకి లేచినట్టు కనిపిస్తాయని వాధ్యారు చెప్పి చూశాడు. బావి గోడల మధ్య ఉన్న మనిషి కూడా లేస్తాడా అని అడిగాను. వాధ్యారు నిజాయితీ గలవాడు, లేవడన్నాడు. మిగతా ఇద్దరి కళ్ళకు ఎందుకు కనిపించలేదని అడిగితే, అది తను చదివిన పుస్తకాల్లో లేదన్నాడు.

మా తమ్ముడు ఇప్పుడు కుడికాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. మా ఇంటికి వస్తాడు, నేనూ పోతాను. నీళ్ళ వంతులు మళ్ళీ నడుస్తున్నాయి. కానీ వాడికి ఆ ఒక్క ముల్లు పోలేదు. అన్నం తింటూ తింటూ ఆపి అడుగుతాడు, ఆ రెండు తడవలూ ఏమిటికి వదిలిపెట్టి పోతివి అని. నేను మేడ మీద ఉన్నానురా, నలుగురు చూశారు, బావి దగ్గరికి వచ్చింది ఒక్కసారే, నిన్ను పైకి లాగినప్పుడే అని చెబుతాను.

“నా కండ్లతో చూసినానక్కా” అంటాడు.

నీకు బుర్ర తిరిగి అలా అనిపించిందిరా అని ఒక్క మాట అంటే సరిపోతుంది. మా కోడలు అనమంటోంది, రాఘవన్ అనమంటున్నాడు. నాకు నోరు రావడం లేదు. వాడు చూసింది లేదంటే, నేను చూసింది కూడా లేదనాలి. అది లేకపోతే ఆ సాయంత్రం నేను మేడ దిగేదాన్నే కాదు.